తల్లి మెడలోని గ్రంథి – బిడ్డ బుద్ధి

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అన్నదట ఉప్పు. మన పెద్దలు ఈ సామెతను వంటను గూర్చి చెప్పినారు. కాని కడుపుతో ఉన్న స్త్రీ ఆరోగ్యమును గూర్చి చెప్పినా అది సరిపోవును. ఉప్పులో కలిపే అయోడిన్ అనే పదార్థము మనిషికి రోజుకు కావలసినది సూది మొన మీద పట్టేటంత. అది తగ్గితే తల్లి మెడలోని థైరాయిడ్ గ్రంథికి పని సాగదు. తల్లి గ్రంథికి పని సాగకపోతే కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు లోటు రావచ్చును. అందుచేత మన పత్రిక పాఠక సోదరీమణులకు, వారికంటె ముఖ్యముగా వారి అత్తగార్లకు, భర్తలకు ఈ సంగతి తెలియవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను వైద్యురాలిని కాను. మారిషస్ చెరకు తోటల నడుమ పుట్టి, సాయంకాలపు తరగతులలో తెలుగు అక్షరాలు దిద్దుకొని, పిల్లలకు సైన్సు చెప్పుకొనే దానిని. ప్రస్తుతము నా ఉద్యోగము అరబ్ ఎమిరేట్స్ దేశములోని ముసఫ్ఫాలో.

ముసఫ్ఫా అబూ ధాబీ నగరమునకు చేరువలో ఉన్న పారిశ్రామిక వాడ. ఇనుము కోసే షెడ్లు, మోటారు గ్యారేజీలు, రంగుల దుకాణాలు, కార్మికుల క్యాంపులు ఒక ప్రక్క. షాబియా అని పిలిచే నివాస ప్రాంతము మరొక ప్రక్క. షాబియాలో భార్యాబిడ్డలతో కాపురమున్న తెలుగువారు ఉన్నారు. క్యాంపులలో ఒంటరిగా ఉన్నవారూ ఉన్నారు. శ్రీకాకుళము వారు, గోదావరి జిల్లాల వారు, కడప వారు, కరీంనగరు, నిజామాబాదు వారు అందరూ కనిపిస్తారు. మన ముత్తాతలు ఒప్పందము మీద ఓడ ఎక్కినారు; వీరు ఒప్పందము మీద విమానమెక్కినారు. కుటుంబమును తెచ్చుకొనుటకు ఇక్కడ జీతము ఒక హద్దు దాటవలెను. ఆ హద్దు దాటని వారి భార్యలు ఊరిలోనే ఉండి, భర్త సెలవుకు వచ్చి వెళ్ళిన తరువాత ఒంటరిగా నెలలు మోయుచుందురు.

ఇక్కడి తల్లులు నన్ను అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది: "టీచరుగారూ, నాకు థైరాయిడ్ ఉన్నదట. మాత్ర వేసుకుంటే కడుపులో బిడ్డకు వేడి చేస్తుందా?" రెండవది: "ఈ దుమ్ము, ఈ ప్లాస్టిక్, ఈ సముద్రపు నీళ్ళు – వీటివల్లనే థైరాయిడ్ వస్తున్నదా?" ఈ రెండు ప్రశ్నలూ మారిషస్‌లోనైనా, ఆంధ్రదేశములోనైనా ఉన్నవే. వాటికి సమాధానము క్రమముగా చూద్దాము.

గ్రంథి చేసే పని

మెడ ముందు భాగములో, గొంతు ముడికి కొంచెము క్రింద, సీతాకోకచిలుక ఆకారములో ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. రక్తములో తిరుగుచున్న అయోడిన్‌ను అది పట్టుకొని థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేయును. ఒక్కొక్క థైరాక్సిన్ అణువులో 4 అయోడిన్ పరమాణువులు ఉండును. శరీరము అందులో ఒకటి తీసివేసి, 3 ఉన్న చురుకైన రూపముగా మార్చి వాడుకొనును. గుండె వేగము, ఒంటి వెచ్చదనము, తిన్న తిండి శక్తిగా మారుట, పిల్లలలో ఎముకల పెరుగుదల, మెదడు పెరుగుదల – వీటన్నిటికీ ఈ హార్మోను కావలెను.

మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ అనే మరొక గ్రంథి థైరాయిడ్ మీద కన్ను వేసి ఉండును. థైరాక్సిన్ తగ్గితే అది టి.ఎస్.హెచ్. అనే హార్మోనును ఎక్కువగా పంపును. తోటలో పని నడవనప్పుడు సర్దారు కేక పెద్దదైనట్లు అనుకోండి. కాబట్టి రక్త పరీక్ష కాగితములో టి.ఎస్.హెచ్. ఎక్కువ ఉన్నదంటే సాధారణముగా థైరాయిడ్ పని తగ్గినదని అర్థము. "నాకు థైరాయిడ్ ఎక్కువ ఉన్నది, మందు తగ్గించవలెను" అని తమకు తాము తీర్పు చెప్పుకొనువారు ఈ ఒక్క విషయము గుర్తుంచుకుంటే చాలును.

బిడ్డకు తల్లి ఇచ్చే అరువు

కడుపులోని బిడ్డకు కూడ తన థైరాయిడ్ ఉండును. కాని అది అయోడిన్ పట్టుకొనుట మొదలుపెట్టునది 10, 12 వారములకు. తనకు తగినంత హార్మోను చేసుకొనునది 18, 20 వారముల తరువాతనే. అంతవరకు బిడ్డ మెదడుకు అందేది తల్లి హార్మోనే. మెదడు కణములు పుట్టి, తమ తమ చోట్లకు చేరి స్థిరపడుటకు ఈ నెలలు ముఖ్యమైనవి.

అందుచేత గర్భిణి థైరాయిడ్ తన పని సుమారు సగము వంతు పెంచుకోవలెను. పైగా ఆ రోజులలో మూత్రము ద్వారా అయోడిన్ ఎక్కువగా పోవును. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలును. గర్భిణికి, పాలిచ్చే తల్లికి 250 కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మైక్రోగ్రాము అనగా గ్రాములో పది లక్షల వంతు.

1999లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడినది. గర్భకాలములో థైరాయిడ్ తక్కువగా ఉండి చికిత్స పొందని తల్లుల పిల్లలను 7 నుండి 9 ఏళ్ళ వయసులో పరీక్షించగా, ఇతర పిల్లలకంటె వారి తెలివి పరీక్షల అంకెలు సగటున 7 తక్కువగా కనిపించినవి. 2013లో ఇంగ్లండులో సుమారు వేయిమంది తల్లులను గూర్చిన పరిశోధన ప్రచురింపబడినది. గర్భము మొదటి నెలలలో అయోడిన్ తక్కువగా ఉన్న తల్లుల పిల్లలు 8, 9 ఏళ్ళకు మాటల తెలివిలోను, చదువులోను వెనుకబడే అవకాశము ఎక్కువ అని అందులో తేలినది. నేను ఉపాధ్యాయినిని గనుక ఇది నన్ను ఆలోచింపజేసినది. తరగతిలో వెనుక బెంచీలో కూర్చున్న పిల్లవానిని మనము "మొద్దు" అని కసరుదుము. వాని వెనుకబాటుకు కారణములు ఎన్నో ఉండవచ్చును. అందులో ఒకటి వాడు పుట్టకముందే ఇంటి ఉప్పు డబ్బాలో ఉండి ఉండవచ్చును.

ఇంకొక నిజము కూడ చెప్పవలెను. థైరాయిడ్ అతి స్వల్పముగా తగ్గిన తల్లులకు మాత్ర ఇచ్చి చూసిన పెద్ద పరిశోధనలలో (2012లో ఒకటి, 2017లో ఒకటి) పిల్లల తెలివిలో తేడా కనిపించలేదు. కనుక కొంచెము తేడా ఉన్నదని కంగారుపడకూడదు. స్పష్టమైన లోపమును మాత్రము వదలకూడదు. ఏది స్వల్పము, ఏది స్పష్టము అన్నది వైద్యులు తేల్చవలసిన మాట.

ముసఫ్ఫా నీరు, ఇంటి ఉప్పు

ముసఫ్ఫాలో కుళాయి తిప్పితే వచ్చే నీరు ఒకనాటి సముద్రపు నీరే. తవీలా వంటి తీరపు కర్మాగారములలో ఉప్పు తీసివేసి పంపుదురు. అది త్రాగుటకు యోగ్యమైన నీరే, భయపడనక్కర లేదు. కాని ఉప్పుతోపాటు నీటిలోని అయోడిన్ కూడ చాలావరకు పోవును. మామూలుగా నీటి నుండి మనకు వచ్చే అయోడిన్ ఎక్కడైనా కొంచెమే. ఇక్కడ ఆ కొంచెము మీద కూడ ఆశ పెట్టుకోరాదు.

ఇజ్రాయెల్ దేశములో కూడ సముద్రపు నీటినే శుద్ధిచేసి విస్తారముగా వాడుదురు. 2017లో ప్రచురించిన ఆ దేశపు మొదటి జాతీయ అయోడిన్ సర్వేలో, గర్భిణులలో 85 శాతము మందికి అయోడిన్ ఉండవలసిన మట్టముకంటె తక్కువగా ఉన్నది. అక్కడ ఉప్పులో అయోడిన్ కలుపుట తప్పనిసరి కాదు. శుద్ధిచేసిన నీరు కూడ ఒక కారణము కావచ్చునని ఆ పరిశోధకులు అనుమానించినారు. ముసఫ్ఫాలో కాపురమున్న మన ఆడపడుచులు దీని నుండి నేర్చుకోవలసినది ఒక్కటే: నీటిలో లేనిదానిని ఉప్పులో, తిండిలో చూసుకోవలెను.

ఇక్కడే చిక్కు వచ్చుచున్నది. ఇటీవల గులాబి రంగు రాతి ఉప్పు ఆరోగ్యమునకు మంచిదని కొని తెచ్చుకొనుట పరిపాటి అయినది. మరికొందరు ఊరి నుండి కళ్ళుప్పు మూట కట్టి తెచ్చుకొందురు. అయోడిన్ కలిపినట్లు ప్యాకెట్టు మీద వ్రాసి లేకపోతే, ఆ ఉప్పు ఎంత అందముగా ఉన్నా గర్భిణికి పనికిరాదు. సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉండునని అనుకొనుట కూడ పొరపాటే. ఎండబెట్టేటప్పుడే అది చాలావరకు పోవును.

అయోడిన్ ఉప్పు కథలో మన తెలుగువాని పేరు ఒకటి ఉన్నది. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళములో జన్మించినారు. విశాఖపట్టణము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినారు. హిమాలయ పాదములలోని కాంగ్రా లోయలో ఆ రోజులలో గాయిటర్ అనే మెడ వాపు ఎక్కువ. 1956లో మొదలైన ప్రయోగములో ఆయన, ఆయన సహచరులు ఆ లోయలోని సుమారు లక్షమంది జనమును మూడు భాగములుగా విడదీసినారు. రెండు భాగములకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగమునకు మామూలు ఉప్పు అందించినారు. 1962 నాటికి అయోడిన్ ఉప్పు తిన్న భాగములలో మెడ వాపు బాగుగా తగ్గినది. మామూలు ఉప్పు తిన్న భాగములో తగ్గలేదు. అదే 1962లో భారత ప్రభుత్వము జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. మన ముత్తాతలలో ఎందరో బయలుదేరిన ఆ శ్రీకాకుళపు గడ్డ నుండే ఈ మహానుభావుడు రావడము మనకు గర్వకారణము. ఆయన 2001లో కీర్తిశేషులైనారు.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాము. భారతదేశపు నియమము ప్రకారము ఉప్పు ఇంటికి చేరేసరికి కిలోకు కనీసము 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండవలెను. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 5 గ్రాముల ఉప్పులో వచ్చేది 75 మైక్రోగ్రాములు. గర్భిణికి కావలసినది 250. అందువలన ఉప్పు ఒక్కటే చాలదు. అలాగని ఉప్పు ఎక్కువ తినరాదు, రక్తపు పోటు వచ్చును. మిగిలినది పాలు, పెరుగు, గ్రుడ్డు, చేప నుండి రావలెను. అవి తినని వారు మాత్ర రూపములో తీసుకొనుటను గూర్చి డాక్టరును అడగవలెను.

ఉప్పును దాచే పద్ధతి కూడ తెలియవలెను. వేడికి, తేమకు, ఎండకు అయోడిన్ క్రమముగా ఎగిరిపోవును. పొయ్యి ప్రక్కన మూత లేని గిన్నెలో ఉంచవద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, చల్లని చోట ఉంచండి. కూర దించే ముందు ఉప్పు వేయుట మేలు.

రసాయనముల మాట

ఇక రెండవ ప్రశ్న. పరిసరాలలోని రసాయనాలు థైరాయిడ్‌కు అడ్డు వచ్చునా? వచ్చును. కాని అన్నీ ఒకే విధముగా కాదు.

మొదటి రకము గ్రంథి వాకిలి దగ్గరనే అడ్డుపడేవి. బాణసంచాలో వాడే పెర్‌క్లోరేట్, ఎరువుల నుండి బావినీటిలో చేరే నైట్రేట్, పొగాకు పొగ నుండి వచ్చే థయోసయనేట్ – ఇవి అయోడిన్ గ్రంథిలోనికి పోయే ద్వారములో దాని చోటును ఆక్రమించును. రెండవ రకము హార్మోను పోలికతో ఉండేవి. పాత సోఫాల స్పాంజిలో, పాత ఎలక్ట్రిక్ సామానుల ప్లాస్టిక్‌లో నిప్పు అంటకుండ కలిపిన బ్రోమిన్ రసాయనాలు థైరాక్సిన్‌ను పోలి ఉండి, రక్తములో దానిని మోసే వాహనమును ఎక్కి కూర్చొనును. వీటిలో కొన్నిటిని 2009లోను, మరొకదానిని 2017లోను స్టాక్‌హోమ్ ఒప్పందము క్రింద నిషేధపు జాబితాలో చేర్చినారు. అయినా పాత సామాను ఉన్నంతకాలము వాటి దుమ్ము ఉండును.

ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్-ఎ మాట అందరూ వినియే ఉందురు. ఇక్కడ 5 గ్యాలన్ల నీటి సీసాలను లారీ మీద, దుకాణము ముందు ఎండలో నిలబెట్టుట చూస్తుంటాము. ఎండాకాలములో ఇక్కడ వేడి 45 డిగ్రీలు దాటును. గట్టి ప్లాస్టిక్ సీసాలకు వేడి తగిలితే ఈ రసాయనము నీటిలోనికి కొంచెము కొంచెముగా దిగును. థైరాయిడ్ మీద దీని ప్రభావమును గూర్చి పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. 2023లో యూరపు ఆహార భద్రతా సంస్థ దీనికి సహింపదగిన హద్దును 20,000 రెట్లు తగ్గించినది. దానితో ఏకీభవించని సంస్థలు కూడ ఉన్నవి. శాస్త్రజ్ఞులు తేల్చుకొనేవరకు సీసాను నీడలో ఉంచుటకు, వేడి సాంబారును ప్లాస్టిక్ డబ్బాలో పోయకుండుటకు మనకు ఖర్చేమున్నది?

తోటల బిడ్డలమైన మనము మరువరాని కథ ఒకటి ఉన్నది. కరీబియన్ సముద్రములోని గ్వాడెలూప్, మార్టినీక్ దీవులలో కూడ మనవలె ఒప్పందము మీద వెళ్ళిన భారతీయుల సంతతి ఉన్నారు. అక్కడి అరటి తోటలలో 1972 నుండి 1993 వరకు క్లోర్‌డెకోన్ అనే పురుగుమందు చల్లినారు. అమెరికాలో 1970ల దశకములోనే దానిని ఆపివేసినారు. ఆ మందు నేటికీ ఆ దీవుల మట్టిలో, వాగులలో ఉన్నది. గ్వాడెలూప్‌లో తల్లులను, పిల్లలను అనుసరించి చేసిన పరిశోధనలో, పుట్టుకకు ముందే ఆ మందు ఎక్కువగా సోకిన మగ శిశువులకు 3 నెలల వయసులో టి.ఎస్.హెచ్. కొంచెము ఎక్కువగా ఉన్నట్లు కనిపించినది. తోటలో చల్లినది తోటలోనే ఉండిపోదు. తల్లి రక్తము దాకా వచ్చును.

అయితే ఇంతమాత్రాన చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. 2006లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, పెర్‌క్లోరేట్ సోకుటకు థైరాక్సిన్ తగ్గుటకు గల సంబంధము అయోడిన్ తక్కువగా ఉన్న స్త్రీలలోనే స్పష్టముగా కనిపించినది. వాకిలి దగ్గర అయోడిన్ నిండుగా ఉంటే అడ్డుపడేవాటికి చోటు తక్కువ. గాలిని, నేలను మార్చుట మన ఒక్కరి చేతిలో లేదు. ఉప్పు డబ్బా మన చేతిలో ఉన్నది. ఈ వ్యాసములో నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఇంటిలో చేయదగిన పనులు

గ్యారేజీలో, వెల్డింగ్ షెడ్డులో, రంగుల పనిలో ఉన్న భర్త పని బట్టలతో ఇంటిలోనికి రాకూడదు. పని చోటనే బట్టలు మార్చుకొని, సంచిలో వేసి తెచ్చి, వాటిని వేరుగా ఉతకవలెను. ఆ బట్టలను గర్భిణి దులపరాదు. ఇంటిలో దుమ్మును చీపురుతో లేపుటకంటె తడి గుడ్డతో తుడుచుట మేలు. చినిగి స్పాంజి బయటపడిన పాత సోఫాను చవుకగా వచ్చినదని తేవద్దు. గర్భిణి ఉన్న గదిలో సిగరెట్టు కాల్చవద్దు. వంటకు ముందు, తినుటకు ముందు చేతులు కడుగుకోవలెను.

తిండిలో పాలు, పెరుగు, గ్రుడ్డు రోజూ ఉంటే మంచిది. వారమునకు రెండుసార్లు చేప తినండి. సార్డీన్ల వంటి చిన్న చేపలు మేలు. సొర వంటి పెద్ద చేపలలో పాదరసము ఎక్కువ గనుక గర్భిణి మానవలెను. కడుపుతో ఉన్నప్పుడు గ్రుడ్డు వేడి, చేప వేడి అని నిషేధించే అత్తగార్లకు నా మనవి: మన పూర్వికులకు తోటలో ఇచ్చిన బియ్యము, పప్పు, ఉప్పు చేపలలో సముద్రము నుండి వచ్చిన ఆ ఉప్పు చేప మేలైన తిండియే.

ఇనుము తగ్గినా థైరాయిడ్ హార్మోను సరిగా తయారు కాదు. భారతదేశములో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉన్నది. ఆకుకూర, పప్పు, మాంసము తినవలెను; డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మానరాదు.

క్యాబేజీని, కాలీఫ్లవరును చూసి భయపడవద్దు. వండి తింటే చాలును. మానియాక్ దుంపను మాత్రము నానబెట్టి, బాగుగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి తినవలెను. సజ్జలు ఒక్కటే మూడు పూటలా తినక ఇతర ధాన్యములతో మార్చుకోండి. సముద్రపు నాచుతో చేసిన బిళ్ళలు సొంతముగా మ్రింగవద్దు. అయోడిన్ మితిమీరినా గ్రంథికి చెరుపే.

పరీక్ష, మాత్ర

నెల తప్పిన వెంటనే మొదటి రక్త పరీక్షలతోపాటు టి.ఎస్.హెచ్. పరీక్షను గూర్చి డాక్టరును అడగండి. ఇంతకు ముందు థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, మెడ వాపు ఉన్నవారు, తల్లికో అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు ఉన్నవారు, గర్భము నిలువక పోయినవారు, మధుమేహము ఉన్నవారు ఆలస్యము చేయరాదు. మొదటి మూడు నెలలలో టి.ఎస్.హెచ్. కొంచెము తగ్గుట సహజము. గర్భకాలపు హార్మోను ఒకటి థైరాయిడ్‌ను తానే ప్రేరేపించును.

"మాత్ర వేడి చేస్తుందా?" అన్న మొదటి ప్రశ్నకు సమాధానము: చేయదు. ఆ మాత్ర థైరాక్సినే, శరీరము తాను చేసుకోలేని పదార్థమే. గర్భము వచ్చినదని మానుటే ప్రమాదము. నిజమునకు ముందునుండి మాత్ర వేసుకొనువారికి గర్భకాలములో మోతాదు పెంచవలసి వచ్చును, సాధారణముగా పావు వంతు నుండి సగము వంతు వరకు. కనుక నెల తప్పిన వారమే డాక్టరు దగ్గరకు వెళ్ళవలెను. ఉదయము ఖాళీ కడుపుతో మంచినీళ్ళతో వేసుకొని, అరగంట నుండి గంట తరువాత కాఫీ, ఫలహారము తీసుకోవలెను. ఇనుము, కాల్షియము మాత్రలను దీనితో కలిపి మ్రింగితే ఇది ఒంటికి పట్టదు. 4 గంటల ఎడము ఉండవలెను. ఈ మాత్ర వేడికి చెడిపోవును. ముసఫ్ఫా ఎండలో కారులోనో, కిటికీ ప్రక్కనో పెట్టి మరచిపోవద్దు.

అబూ ధాబీలో 2005 నాటి చట్టము ప్రకారము ఉద్యోగికి ఆరోగ్య బీమా తప్పనిసరి. సందర్శక వీసా మీద వచ్చిన భార్యకు సాధారణముగా ఆ బీమా వర్తించదు. ఖర్చుకు జంకి మొదటి పరీక్షను నాలుగవ నెల, అయిదవ నెల దాకా వాయిదా వేసినవారిని నేను ఎరుగుదును. బిడ్డకు తల్లి హార్మోను అన్నిటికంటె అవసరమైన రోజులు అవే. బిడ్డ పుట్టిన తరువాత మడమ నుండి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షను కూడ వద్దనరాదు. పుట్టుకతో థైరాయిడ్ లోపము ఉన్న శిశువుకు మొదటి రెండు వారములలో మందు మొదలుపెడితే బుద్ధి నిలుచును.

ఒంటరిగా ఉన్న తండ్రులకు

క్యాంపులో ఉన్న సోదరులకు చివరి మాట. ఊరిలో ఉన్న మీ ఇల్లాలికి బంగారము, సెంటు సీసా, దుప్పటి పంపుదురు. వాటితోపాటు ఫోనులో మూడు ప్రశ్నలు అడగండి: ఇంట్లో ఉప్పు ప్యాకెట్టు మీద అయోడిన్ అని ఉన్నదా? టి.ఎస్.హెచ్. పరీక్ష అయినదా? డాక్టరు మాత్ర ఇచ్చి ఉంటే రోజూ పరగడుపున వేసుకొనుచున్నావా? భారతదేశములో 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులను ఉచితముగా పరీక్షించే ఏర్పాటు ఉన్నది. ఆ రోజు వెళ్ళమని చెప్పండి.

మన ముత్తవ్వలు చెరకు తోటలలో బిడ్డలను కన్నప్పుడు వారికి ఈ సంగతులు చెప్పేవారు లేరు. రక్త పరీక్షలు లేవు, మాత్రలు లేవు. నేడు ఇవి ఉన్నవి, ధర కూడ పెద్దది కాదు. తెలిసినవారు తెలియనివారికి చెప్పవలెను. ఈ వ్యాసము చదివిన ప్రతి సోదరియు, సోదరుడును తమ ఇంటి ఉప్పు ప్యాకెట్టును ఈ రోజే ఒకసారి త్రిప్పి చదువవలెనని నా కోరిక.